సబ్‌వూఫర్ పెట్టె

సబ్‌వూఫర్ పెట్టె అనగా అతి తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను వెలువరించే పెద్ద స్పీకరును బిగించుటకు చెక్కతో గాని, చెక్కపొడి పలకలతో గాని తయారుచేసే పెట్టె. మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. ఇందులో 20 నుండి 120 హెర్ట్జ్ వరకు గల అడుగు భాగాన్ని వినిపించుటకు ప్రత్యేకించిన స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. ఈ స్పీకరు పనితనం చాలావరకు దానిని బిగించిన పెట్టెపై ఆధారపడి ఉంటుంది. పెట్టె గోడలు కదలకుండా లోపల అమర్చే చెక్క బద్దలను, చట్రాలను బలపట్టీలు అంటారు.

ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో వినాయక నవరాత్రులు, బతుకమ్మ, పెళ్ళి ఊరేగింపులు మొదలైన సందర్భాలలో ఇటువంటి పెట్టెల వాడకం ఎక్కువ. కంపెనీ పెట్టెలతో పాటు, స్పీకరును మాత్రమే కొని పెట్టెను వడ్రంగి చేత చేయించుకొనుట, లేదా ఇంటివద్దనే స్వయంగా చేసుకొనుట కూడా ఉన్నది. పెట్టె చేయుటలో ఇమిడివున్న భౌతిక శాస్త్రం ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ విద్యార్థులకు సులభంగా అర్థమయ్యేదే.

పెట్టె ఎందుకు?

స్పీకరులోని శంకువు ముందుకు కదిలినపుడు దాని ముందున్న గాలి నొక్కుకొనిపోతుంది. అదే క్షణంలో వెనుకనున్న గాలి పలుచబడుతుంది. తక్కువ పౌనఃపున్యాలకు తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ. ఉదాహరణకు 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 8.6 మీటర్లు. అందువలన పెట్టె లేని స్పీకరులో ముందరి గాలి అంచు చుట్టూ తిరిగి వెనుకకు చేరి, రెండు మార్పులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. చేతిలో పట్టుకొని మోగించిన పెద్ద స్పీకరు కీచుమని వినిపించుటకు ఇదే కారణం. పెట్టె చేసే మొదటి పని వెనుకవైపు ధ్వనిని ముందరి ధ్వనితో కలవకుండా ఆపుట.

రెండవ పని, శంకువు వెనుక నిర్ణీత పరిమాణంలో గాలిని బంధించి, దానిని ఒక స్ప్రింగువలె పనిచేయించుట. మూడవది, అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యం చేయబడేది, పెట్టె తాను మౌనంగా ఉండుట. డప్పు, గోండుల పర్ర, మట్టితో చేసే గుమ్మేల వంటి వాద్యాలలో చర్మంతో పాటు ఒళ్ళు కూడా పలకవలెను; ఆ పలుకే వాద్యానికి గుర్తింపు. స్పీకరు పెట్టె ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాని గోడ పలికిన ప్రతి శబ్దమూ పాటలో లేని శబ్దమే.

చరిత్ర

నేటి స్పీకరుకు మూలమైన కదిలే చుట్ట నమూనాను చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు 1925లో ప్రకటించారు. ఆల్బర్ట్ థురాస్ అనే బెల్ ప్రయోగశాల శాస్త్రవేత్తకు గాలి రంధ్రం గల పెట్టెపై 1932లో పేటెంటు లభించింది. ఎడ్గార్ విల్చర్ 1954లో పూర్తిగా మూసివేసిన చిన్న పెట్టెతో లోతైన ధ్వని సాధించవచ్చునని చూపాడు. అంతవరకు పెట్టె కొలతలు చాలావరకు అనుభవంతోను, ఊహతోను నిర్ణయించేవారు. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోను, ఆ తరువాత రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలోను ప్రచురించిన వ్యాసాలు ఈ లెక్కలను సూత్రాలుగా మార్చాయి. స్పీకరుతో పాటు ఇచ్చే కాగితంలో కనిపించే ఎఫ్.ఎస్., క్యూ.టి.ఎస్., వి.ఎ.ఎస్. అనే విలువలు వీరిద్దరి పేరుతోనే థీల్-స్మాల్ పరామితులుగా ప్రసిద్ధి చెందాయి.

* ఎఫ్.ఎస్.: పెట్టె లేకుండా స్పీకరు సహజంగా కంపించే పౌనఃపున్యం.
* క్యూ.టి.ఎస్.: ఆ కంపనం ఎంత త్వరగా అణగిపోతుందో తెలిపే సంఖ్య. సంఖ్య చిన్నదైతే అణచివేత ఎక్కువ.
* వి.ఎ.ఎస్.: స్పీకరు అంచు, లోపలి జాలరులకు ఉన్న సాగుడుతో సమానమైన సాగుడు గల గాలి పరిమాణం, లీటర్లలో.

పెట్టెలలో రకాలు

మూసిన పెట్టె: గాలి పోవుటకు ఏ మార్గమూ లేనిది. చేయుట సులభం, కొలతలో చిన్న పొరపాటు జరిగినా పెద్దగా నష్టం లేదు. మొదటిసారి చేయువారికి ఇదే తగినది.

రంధ్రపు పెట్టె: ఒక గొట్టం ద్వారా లోపలి గాలి బయటకు కదిలేటట్లు చేసినది. సీసా మూతివద్ద ఊదినపుడు ఒకే స్వరం పలుకుటకు కారణమైన హెల్మ్‌హోల్ట్జ్ అనునాదమే దీనికీ ఆధారం. ఉదాహరణకు 60 లీటర్ల పెట్టె 35 హెర్ట్జ్ వద్ద పలుకవలెనన్న, 10 సెం.మీ. లోపలి వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టం సుమారు 25 సెం.మీ. పొడవు ఉండవలెను. దీనిలో అదే విద్యుత్తుకు ఎక్కువ ధ్వని వస్తుంది. కాని ఆ పౌనఃపున్యం కంటె దిగువన శంకువుకు గాలి ఆసరా తప్పిపోయి, అది హద్దుమీరి కదిలి చెడిపోయే ప్రమాదం ఉన్నది.

పరిమాణం లెక్కించుట

మూసిన పెట్టెకు సూత్రం సులభం. వి.ఎ.ఎస్. విలువను పెట్టె పరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయవలెను. వచ్చిన సంఖ్యతో క్యూ.టి.ఎస్.ను గుణించగా పెట్టెలో బిగించిన తరువాతి అణచివేత సంఖ్య వస్తుంది. ఇది 0.707 దరిదాపులలో ఉన్న ధ్వని సమతూకంగా ఉంటుంది. అదే వర్గమూలంతో ఎఫ్.ఎస్.ను గుణించగా పెట్టెలో స్పీకరు కంపించే కొత్త పౌనఃపున్యం తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక 12 అంగుళాల స్పీకరుకు ఎఫ్.ఎస్. 30 హెర్ట్జ్, క్యూ.టి.ఎస్. 0.4, వి.ఎ.ఎస్. 100 లీటర్లు అనుకొనిన, 0.707 రావలెనంటే పెట్టెలో 47 లీటర్ల గాలి ఉండవలెను. కంపన పౌనఃపున్యం 53 హెర్ట్జ్ అవుతుంది.

లోపలి కొలత వెడల్పు 36, ఎత్తు 36, లోతు 40 సెం.మీ. గా తీసుకొనిన 51.8 లీటర్లు వస్తుంది. ఇందులో స్పీకరు దాదాపు 3 లీటర్లు, లోపలి బద్దలు సుమారు 2 లీటర్లు ఆక్రమిస్తాయి. మిగిలేది 47 లీటర్లు. బద్దల పరిమాణాన్ని ముందుగానే కలుపుకొనవలెను. పెట్టె పూర్తయిన తరువాత గుర్తుకు వచ్చిన లాభం లేదు.

గోడలపై పడే బలం

12 అంగుళాల స్పీకరు శంకువు వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు లోపలికి కదిలిన అర లీటరు గాలిని నొక్కుతుంది. 47 లీటర్లలో ఇది సుమారు ఒక శాతం. వేగంగా నొక్కబడిన గాలిలో పీడనం అంతకు 1.4 రెట్లు, అనగా వాతావరణ పీడనంలో ఒకటిన్నర శాతం పెరుగుతుంది. వినుటకు ఇది స్వల్పమే. కాని 36×40 సెం.మీ. గోడపై ఈ పీడనం కలిగించే బలం సుమారు 22 కిలోల బరువు మోపినదానితో సమానం. 40 హెర్ట్జ్ స్వరం వచ్చినపుడు ఈ బలం సెకనుకు 40 మార్లు గోడను బయటకు నెట్టి, 40 మార్లు లోనికి లాగుతుంది. మేకులతో మాత్రమే కొట్టిన పెట్టెల కీళ్ళు కొద్దికాలంలోనే వదులగుటకు ఇదే కారణం.

బలపట్టీల అవసరం

ప్రతి పలకకూ తనదైన సహజ కంపన పౌనఃపున్యం ఉంటుంది. సంగీతంలో ఆ పౌనఃపున్యం వచ్చినపుడు పలక కూడా గొంతు కలుపుతుంది. దీనిని నివారించుటకు పలక పౌనఃపున్యాన్ని సబ్‌వూఫర్ పరిధికి బాగా పైకి నెట్టవలెను. ఇందుకు రెండు మార్గాలు కలవు. పలక మందం పెంచుట ఒకటి, పలక విస్తీర్ణాన్ని బలపట్టీలతో విభజించుట రెండవది. మందం రెండింతలైన పౌనఃపున్యం రెండింతలవుతుంది, కాని బరువు, ఖర్చు కూడా రెండింతలవుతాయి. ఊరేగింపులకు వాడే పెద్ద పెట్టె గోడ 60×90 సెం.మీ. ఉన్నదనుకొనిన, 18 మి.మీ. ఎం.డి.ఎఫ్. పలకకు లెక్కప్రకారం వచ్చే సుమారు విలువలు ఇవి.

* బలపట్టీ లేనపుడు: 70 హెర్ట్జ్. ఇది సరిగ్గా సబ్‌వూఫర్ పనిచేసే పరిధిలోనే ఉన్నది.
* మందాన్ని 36 మి.మీ. చేసిన: 140 హెర్ట్జ్.
* 18 మి.మీ. పలకకే నడుమ అడ్డంగా 60 సెం.మీ. పట్టీ వేసిన: 135 హెర్ట్జ్.
* నడుమ నిలువుగా 90 సెం.మీ. పట్టీ వేసిన: 215 హెర్ట్జ్.

ఒక్క నిలువు పట్టీ, రెట్టింపు మందం కంటె ఎక్కువ మేలు చేసింది. పట్టీని పలక పొడవు వెంబడి వేయవలెనే గాని వెడల్పు వెంబడి కాదని కూడా దీనివలన తెలుస్తున్నది. పొడవు వెంబడి వేసినపుడు అసలే ఇరుకైన వెడల్పు మరింత చిన్నదవుతుంది. పలక బిగువు ప్రధానంగా ఆ చిన్న కొలతపైనే ఆధారపడుతుంది. పలకకు వెడల్పు వైపు అంటించిన బద్ద కంటె అంచు మీద నిలబెట్టి అంటించిన బద్ద ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. ఇంటి పైకప్పు దూలాన్ని నిలువుగా పెట్టుటలోని కిటుకు ఇదే.

పట్టీని సరిగ్గా నడుమ కాక కొంచెం పక్కకు వేయుట మంచిది. రెండు భాగాలు సమానమైన రెండూ ఒకే పౌనఃపున్యం వద్ద కంపిస్తాయి. అసమానమైన వాటి కంపనాలు వేరుపడి బలహీనమవుతాయి.

పదార్థాలు

ప్లైవుడ్: 18 మి.మీ. లేదా 19 మి.మీ. మందం గలది వాడతారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303 సాధారణ ప్లైవుడ్‌కు, ఐ.ఎస్. 710 నీటిని తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్‌కు వర్తిస్తాయి. ఒకే మందంలో మంచి ప్లైవుడ్ ఎం.డి.ఎఫ్. కంటె బిగువైనది, తేలికైనది. పొరల మధ్య ఖాళీలు ఉన్న చవక రకం గలగలమంటుంది. కొనేముందు వేలితో తట్టి చూడవలెను.

ఎం.డి.ఎఫ్.: చెక్క నారను జిగురుతో నొక్కి చేసినది. అంతటా ఒకే విధంగా ఉంటుంది, చక్కగా కోయవచ్చును. తడికి ఉబ్బుతుంది. దీనిని కోసినపుడు లేచే సన్నని పొడి ఊపిరితిత్తులకు హానికరం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చేయరాదు.

టేకు: ఆదిలాబాద్ అడవుల టేకు ప్రసిద్ధమైనది. ఐతే వెడల్పైన టేకు పలకలు వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుదించుకొని కీళ్ళవద్ద సందులు ఇస్తాయి. కావున గోడలకు కాక, లోపలి బద్దలకు, మూల రీపర్లకు టేకు తగినది. వడ్రంగి దుకాణంలో మిగిలిన ముక్కలు ఇందుకు చాలును. అడవి నుండి అనుమతి లేకుండా తెచ్చిన కలపను కొనుట నేరం.

పొనికి కర్ర: నిర్మల్ బొమ్మలకు వాడే ఈ కర్ర చాలా మెత్తనిది, తేలికైనది. చెక్కుటకు అనువైన ఆ గుణమే పెట్టెకు లోపం. స్క్రూలు పట్టు నిలుపుకోవు.

గ్రానైట్: కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్ విదేశాలకు ఎగుమతి అవుతున్నది. రాయి చాలా బిగువైనదే కాని, పై ఉదాహరణలోని పెట్టెను 18 మి.మీ. గ్రానైట్‌తో చేసిన బరువు దాదాపు 45 కిలోలు దాటుతుంది. స్పీకరు రంధ్రం కోయుటకు యంత్రం కావలెను. పెట్టె కింద పరచుటకు మిగులు బండ ఉపయోగపడుతుంది.

మట్టి కుండ: గ్రామాలలో కుండ మూతిపై స్పీకరు బోర్లించి మోగించే అలవాటు ఉన్నది. ఇందులో శాస్త్రం లేకపోలేదు. గుండ్రని గోడ పీడనానికి వంగదు, సాగుటకే ప్రయత్నిస్తుంది. అందువలన బలపట్టీ లేకుండానే బిగువుగా ఉంటుంది. ఐతే మూతివద్ద గాలి కారుట, పగిలిపోవుట దీని లోపాలు.

తయారీ విధానం

పై ఉదాహరణకు 18 మి.మీ. పలకలో కోయవలసిన ముక్కలు:

* ముందు, వెనుక పలకలు: 39.6×39.6 సెం.మీ., రెండు.
* ముందు పలకపై బయటనుండి అంటించే రెండవ పొర: 39.6×39.6 సెం.మీ., ఒకటి.
* పక్క పలకలు: 39.6×40 సెం.మీ., రెండు.
* పై, కింది పలకలు: 36×40 సెం.మీ., రెండు.
* లోపలి చట్రం: 36×36 సెం.మీ., ఒకటి.

లోపలి చట్రంలో నాలుగు 12×12 సెం.మీ. కిటికీలు కోసిన చుట్టూ 4 సెం.మీ. అంచు, నడుమ 4 సెం.మీ. శిలువ మిగులుతాయి. కిటికీలు లేని చట్రం గాలిని రెండు గదులుగా విభజిస్తుంది కావున వాటిని తప్పక కోయవలెను. ఈ చట్రాన్ని వెనుక పలకకు 17 సెం.మీ. దూరంలో అమర్చిన ముందువైపు 21 సెం.మీ. స్థలం మిగిలి స్పీకరు అయస్కాంతం తగలదు. పక్క, పై, కింది పలకలు నాలుగింటికీ ఒకేసారి ఆసరా లభించి, వాటి కంపన పౌనఃపున్యం సుమారు 240 నుండి 490 హెర్ట్జ్‌లకు పెరుగుతుంది. ఇదే ఫలితాన్ని మందంతో సాధించవలెనన్న గోడలన్నిటికీ మరొక పొర, అనగా చట్రానికి పట్టిన పలకకు ఎన్నో రెట్లు పలక కావలెను. వెనుక పలక నడుమనుండి చట్రపు శిలువ వరకు 4×4 సెం.మీ. టేకు ముక్క ఒకటి అడ్డుగా బిగించవలెను. ముందు పలకను రెండు పొరలు చేయుటకు కారణం, స్పీకరు కోసం పెద్ద రంధ్రం కోయుట వలన అది బలహీనపడుటయే.

పని క్రమం ఇది:

1. ముక్కలను దుకాణంలోనే యంత్రంపై కోయించిన అంచులు తిన్నగా వస్తాయి. ప్రతి మూలను మూలమట్టంతో సరిచూడవలెను.
2. జిగురు లేకుండా ఒకసారి పెట్టెను నిలబెట్టి చూడవలెను. సందులు ఉన్న చిత్రిక పట్టి సరిచేయవలెను.
3. కింది పలక, పక్క పలకలు, చట్రం, పై పలక వరుసలో తెల్ల జిగురుతో అతికించవలెను. లోతు వెంబడి నాలుగు మూలలందు 2×2 సెం.మీ. రీపర్లు అతికించి, వాటికి తగినట్లు చట్రం మూలలు కోయవలెను.
4. స్క్రూలకు ముందుగా సన్నని రంధ్రాలు చేయనిదే పలక అంచు చీలిపోతుంది. స్క్రూ పని జిగురు ఆరేవరకు ముక్కలను పట్టి ఉంచుటయే. శాశ్వతమైన బలం జిగురుది.
5. 24 గంటలు ఆరనివ్వవలెను. వానాకాలంలో రెండు రోజులు మేలు.
6. లోపలి కీళ్ళన్నిటి వెంబడి రంపపు పొట్టు కలిపిన జిగురు గాని, సిలికాన్ గాని పూయవలెను.
7. స్పీకరు అంచు కింద మెత్తని రబ్బరు పట్టీ వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను.

చింతగింజల జిగురు నిర్మల్ కళాకారులకు పూర్వం నుండి పరిచితమే గాని, తేమకు మెత్తబడుతుంది కనుక ఈ పెట్టె కీళ్ళకు పనికిరాదు.

పెట్టె లోపల పాలిస్టర్ దూదిని వదులుగా నింపిన లోపలి గాలి ఉష్ణోగ్రత మార్పులు తగ్గి పెట్టె కొంత పెద్దదైనట్లు పనిచేస్తుంది. సిద్ధాంతరీత్యా ఈ పెరుగుదల 40 శాతం, ఆచరణలో 10 నుండి 20 శాతం. ఆదిలాబాద్ పత్తికి పేరుపొందినదైనను పత్తి తేమను పీల్చి ముద్దకడుతుంది కావున పాలిస్టరే మేలు.

పరీక్షించుట

గాలి కారుట: శంకువును రెండు చేతుల వేళ్ళతో మెల్లగా లోనికి నొక్కి వదలవలెను. వెంటనే ఎగిరి వచ్చిన పెట్టెలో సందు ఉన్నది. నెమ్మదిగా వచ్చిన పెట్టె బాగున్నది. తక్కువ స్వరం మోగుతుండగా కీళ్ళవద్ద వెలిగించిన అగరుబత్తి తిప్పిన, పొగ చెదిరిన చోట సందు ఉన్నట్లు.

గోడ కంపనం: సెల్‌ఫోనులోని స్వర జనకంతో 20 నుండి 150 హెర్ట్జ్ వరకు స్వరాన్ని మెల్లగా పెంచుతూ ప్రతి గోడపై అరచేయి ఆనించవలెను. ఒకానొక స్వరం వద్ద మాత్రమే గోడ గట్టిగా అదిరిన అచ్చట బలపట్టీ చాలదని అర్థం. గోడపై ఒక రూపాయి నాణెం ఉంచినను ఇది తెలుస్తుంది.

ధ్రువత: 1.5 వోల్టుల బ్యాటరీని క్షణకాలం తగిలించినపుడు శంకువు బయటకు వచ్చిన, బ్యాటరీ ధన ధ్రువం తగిలినదే స్పీకరు ధన ధ్రువం. రెండు సబ్‌వూఫర్లు వాడినపుడు ఒకటి తిరగబడిన రెండూ పరస్పరం రద్దగును.

చట్టం, ఇరుగుపొరుగు

శబ్ద కాలుష్య (నియంత్రణ) నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు పరిమితి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పు ఈ నియమాలను బలపరిచింది. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించబడతాయి.

ఈ పరిమితులను కొలిచే మీటర్లు చెవి స్పందనను అనుసరిస్తాయి. అందువలన 50 హెర్ట్జ్ ధ్వనిని అవి సుమారు 30 డెసిబెల్లు తగ్గించి చూపుతాయి. మీటరు హద్దులో ఉన్నదని చెప్పినను పొరుగింటి పెంకులు, అరమీది గిన్నెలు అదరవచ్చును. తక్కువ పౌనఃపున్యం గోడలను సులభంగా దాటుతుంది. పసిపిల్లలు, వృద్ధులు, హృద్రోగులు ఉన్న ఇళ్ళ నడుమ దీనిని దృష్టిలో ఉంచుకొనవలెను. బలపట్టీలు గోడ కంపనాన్ని తగ్గిస్తాయి గాని, పొరుగువారిని చేరే ధ్వనిని తగ్గించవు. ఆ పని ధ్వని నియంత్రణ మీటను తిప్పే చేతిదే.

ఇవి కూడా చూడండి

* ధ్వని
* అనునాదం
* శబ్ద కాలుష్యం
* డప్పు
* టేకు
* నిర్మల్ బొమ్మలు